పీ పఫర్ కోసం ఇంట్లో నత్తల్ని పెంచొచ్చా?

పీ పఫర్ అనే బుల్లి అక్వేరియం చేప పొడి మేత ముట్టడం లేదు, నత్తల్ని అదే ట్యాంకులో పెంచొచ్చా అని అడిగారు. పెంచొచ్చు కానీ అదే ట్యాంకులో మాత్రం వద్దు. నేను అలాగే ఇరవై వదిలాను. పఫర్ కడుపు నిండినా ఊరుకోదు, కనపడినదాన్నల్లా కొరికి వదిలేస్తుంది. మూడో రోజుకి అడుగున ఖాళీ గుల్లలే మిగిలాయి.

విడిగా ఓ పది, పదిహేను లీటర్ల టబ్బు, అందులో చిన్న స్పాంజ్ ఫిల్టర్ చాలు. రామ్స్‌హార్న్ రకం నత్తలు గానీ బ్లాడర్ రకం నత్తలు గానీ తెచ్చుకోండి. రెండూ ద్విలింగ జీవులే కాబట్టి ఆడా మగా అని వెతుక్కునే పని లేదు. ట్రంపెట్ నత్తలు వద్దు, వాటి గుల్ల మరీ గట్టిది, పఫర్ పళ్లు దెబ్బతినొచ్చు. వాగుల్లో, పొలాల్లో ఏరుకొచ్చినవి అసలే వద్దు, వాటితో పరాన్నజీవులు, పురుగుమందులు కూడా వస్తాయి.

నీళ్లు 22 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే కొద్ది రోజుల్లోనే గాజు మీద, ఆకుల కింద జిగురు ముద్దలు కనిపిస్తాయి. టార్చ్ వేసి చూడండి, లోపల సన్నటి చుక్కలుంటాయి. అవే గుడ్లు. ఒకటి రెండు వారాల్లో పిల్లలవుతాయి. అవి కనపడగానే తీసి పఫర్‌కి వేయాలని చెయ్యి లాగుతుంది. నేను ఆగలేక రెండుసార్లు మొదటికొచ్చాను. నెల, నెలన్నర పాటు ఒక్కటి కూడా తీయకండి. ఆ తర్వాత కూడా పెద్దవాటిని గుడ్లకి వదిలేసి చిన్నవే తీయండి.

మేత దగ్గరే అందరూ బోల్తా పడేది. ఉడికించిన పాలకూర, దోసకాయ ముక్క, చిటికెడు చేపల మేత, అంతే. ఒకసారి ఊరెళ్తూ, మూడు రోజులకి సరిపోతుందిలే అని గుప్పెడు వేసి వెళ్లాను. వచ్చేసరికి నీళ్లు పాలలా ఉన్నాయి, నత్తలన్నీ నీళ్లు దాటి టబ్బు అంచుకి ఎక్కి కూర్చున్నాయి. అలా పైకెక్కాయంటే ముందు నీళ్లు మార్చండి, కారణం తర్వాత వెతకొచ్చు.

గుల్ల మీద తెల్లటి గుంటలు పడుతుంటే క్యాల్షియం తక్కువైనట్టు. కడిగి ఉడికించిన గుడ్డు పెంకు వేయండి. నీళ్ల పీహెచ్ 7 కంటే పైన ఉండాలి, ఆమ్ల గుణం ఉంటే గుల్ల కరుగుతుంది.

ఇంకో సంగతి. చేపలకి వేసే కొన్ని మందుల్లో రాగి ఉంటుంది, అది నత్తలకి విషం. మందు వేసిన ట్యాంకు నీళ్లు, వల నత్తల టబ్బు దగ్గరికి రానివ్వకండి.

వేసేటప్పుడు పఫర్ కన్నంత సైజువి రెండు మూడు వేసి చూడండి. వెంటనే మీద పడదు. ఎదురుగా నిలబడి ఒక కంటితో, తర్వాత ఇంకో కంటితో చూస్తుంది. నత్త కొమ్ములు బయటపెట్టగానే టక్కున కొరుకుతుంది. రోజూ నత్తలే కాకుండా మధ్యమధ్యలో ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్స్ (చేపల మేతగా గడ్డకట్టించి అమ్మే ఎర్రటి పురుగులు) కూడా ఇవ్వండి.

నత్తలు మరీ ఎక్కువైపోతే చెరువులోనో కాలవలోనో పారబోయకండి. మేత సగానికి తగ్గించండి, గుడ్లు వాటంతటవే తగ్గుతాయి.