బరువు తగ్గించే ఆపరేషన్‌కు ముందు సిగరెట్టుతో పాటు గుడాకూ మానాలా?

ప్రశ్న: నా వయసు 41. మాది శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం దగ్గరి పల్లె. వ్యాపారం పని మీద వారానికి నాలుగు రోజులు బరంపురం వెళ్లి వస్తుంటాను. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 124 కిలోలు. ఆరేళ్లుగా షుగరు ఉంది, రాత్రిళ్లు గురక ఎక్కువ. విశాఖపట్నంలో సర్జన్ గారు గ్యాస్ట్రిక్ బైపాస్ చేస్తామన్నారు. అయితే కనీసం ఆరు వారాల ముందు నుంచి పొగాకు పూర్తిగా మానాలని, మూత్ర పరీక్షలో బయటపడితే తేదీ వాయిదా వేస్తామని చెప్పారు. రోజుకు 12 నుంచి 15 సిగరెట్లు కాలుస్తాను. పొద్దున్నే గుడాకుతో (పొగాకు కలిపిన ముద్ద) పళ్లు రుద్దుకోకపోతే నాకు విరేచనం కాదు. సిగరెట్లు రెండు మూడుకు తగ్గించుకుంటే చాలదా? ఆఖరి వారం మానేస్తే పరీక్షలో తెలుస్తుందా? మానితే బరువు ఇంకా పెరుగుతుందంటున్నారు, నిజమేనా? ఆపరేషన్ అయ్యాక ఎప్పుడైనా ఒకటి కాల్చవచ్చా? మా అమ్మ ఇంట్లో అడ్డపొగ (చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకొని) తాగుతుంది. ఆ పొగ కూడా నా పరీక్షలో లెక్కకు వస్తుందా?

జవాబు: మీ ఎత్తుకూ బరువుకూ బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే సూచిక) దాదాపు 44 వస్తుంది. దానికి తోడు షుగరు, గురక ఉన్నాయి కాబట్టి ఆపరేషన్ అవసరమన్న సర్జన్ గారి నిర్ణయంలో సందేహించవలసినది లేదు. ఆయన పెట్టిన షరతును మాత్రం మీరు ఒక పరీక్షగా, అందులో ఎలాగోలా గట్టెక్కవలసిన వ్యవహారంగా చూస్తున్నట్టు మీ ప్రశ్నల తీరు చెబుతోంది. అందుకే మూత్ర పరీక్ష సంగతి తరువాత చెబుతాను. ముందుగా, పొగాకు తాగేవారి పొట్టలో ఈ ఆపరేషన్ తరువాత ఏం జరుగుతుందో తెలుసుకోండి.

గ్యాస్ట్రిక్ బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన్ని వేరుచేసి, చిన్న కోడిగుడ్డు కన్నా పెద్దది కాని సంచిలా మిగిల్చి, దానికి చిన్న పేగును తెచ్చి అతుకుతారు. ఆ అతుకు మానాలంటే దాని అంచులకు రక్తం బాగా అందాలి, ఆ రక్తంలో ప్రాణవాయువు ఉండాలి. నికోటిన్ సన్నని రక్తనాళాలను బిగదీస్తుంది కాబట్టి అందే రక్తం తగ్గుతుంది. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా హీమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది కాబట్టి, అందిన ఆ కాస్త రక్తం కూడా కొంత ఖాళీ చేతులతో వచ్చినట్టే అవుతుంది. పైగా చిన్న పేగు గోడకు జీర్ణాశయపు ఆమ్లం అలవాటు లేదు. ఇటు రక్తం చాలక, అటు ఆమ్లం తగిలి అతుకు దగ్గర పుండు పడుతుంది. బైపాస్ చేయించుకున్నవారిలో ఈ పుండుకు దారితీసే కారణాలను చెప్పమంటే సర్జన్లు మొదట చెప్పేది పొగాకునే. కొందరిలో ఆ పుండు నుంచి రక్తం కారుతుంది, మలం తారులా నల్లగా వస్తుంది. అరుదుగా పుండు చిల్లుపడి, అర్ధరాత్రి అత్యవసరంగా మళ్లీ పొట్ట కోయవలసి వస్తుంది. మీ ఊరి నుంచి విశాఖపట్నం ఎంత దూరమో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇది కాక పొగతాగేవారికి మత్తు ఇచ్చిన తరువాత ఊపిరితిత్తుల్లో కఫం పేరుకొని న్యుమోనియా రావడం, కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టి ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరడం, పైగాయం చీము పట్టడం వంటి ముప్పులూ పెరుగుతాయి. అధిక బరువు ఉన్నవారికి ఇవి మామూలుగానే ఎక్కువ. మీకు గురక కూడా ఉంది కాబట్టి మత్తు డాక్టరు గారు మీ విషయంలో రెట్టింపు జాగ్రత్త పడతారు. జీర్ణాశయంలో చాలా భాగం తీసేసి గొట్టంలా మిగిల్చే స్లీవ్ ఆపరేషన్ అయినా పొగాకు మానవలసిందే గానీ, అతుకు పుండు బెడద బైపాస్‌లోనే ఎక్కువ. మీకు బైపాస్ చేస్తామన్నారు కనుక దాని గురించే ఇంతసేపు చెప్పాను.

రెండు మూడుకు తగ్గిస్తే చాలదా అన్నారు. చాలదు. తగ్గించేవారు మిగిలిన రెండు మూడింటినీ వదలకుండా లోతుగా పీల్చి, వేళ్లు కాలేదాకా తాగుతారు. ఒక్కో సిగరెట్టు నుంచి శరీరం మునుపటి కన్నా ఎక్కువ నికోటిన్ రాబట్టుకుంటుంది. పైగా ఆ రెండు మూడు ఎప్పుడు పన్నెండు అవుతాయో మీకూ తెలియదు, నాకూ తెలియదు. సిగరెట్టు బదులు బీడీ అయితే ఆకు కదా, తేలిక కదా అని మన వైపు చాలామంది అనుకుంటారు. బీడీ ఆరిపోకుండా ఉండాలంటే మాటిమాటికీ గట్టిగా లాగాలి, అందువల్ల లోపలికి వెళ్లే పొగ ఏమీ తగ్గదు. ఈ-సిగరెట్లను మన దేశంలో 2019లోనే చట్టం చేసి నిషేధించారు కాబట్టి ఆ దారి గురించి చర్చే లేదు.

ఇక గుడాకు. ఒడిశా సరిహద్దు పల్లెల నుంచి వచ్చే రోగుల్లో చాలామంది దీన్ని పొగాకు కింద లెక్కే వేయరు. "మీకు పొగాకు అలవాటు ఉందా?" అని అడిగితే లేదంటారు. "పళ్లు దేంతో తోముకుంటారు?" అని అడిగితే అప్పుడు గుడాకు పేరు బయటికి వస్తుంది. బెల్లపు మడ్డిలో పొగాకు పొడి కలిపి చేసిన ముద్ద అది. వేలికి రాసుకొని చిగుళ్ల మీద ఐదు, పది నిమిషాలు ఉంచితే నోటి పొర గుండా నికోటిన్ నేరుగా రక్తంలోకి వెళుతుంది. మీకు విరేచనం కావడానికి కారణమూ ఆ నికోటినే, అది పేగులను కదిలిస్తుంది. పొగ లేదు కాబట్టి ఊపిరితిత్తులకు హాని ఉండదేమో గానీ, రక్తనాళాలు బిగుసుకోవడంలో సిగరెట్టుకూ దీనికీ తేడా లేదు, మూత్ర పరీక్షకూ ఈ తేడా తెలియదు. సిగరెట్టు మానేసి గుడాకు కొనసాగించిన మనిషి ఆరు వారాల తరువాత పరీక్షలో దొరికిపోయి, "నేను ఒక్కటి కూడా ముట్టలేదు డాక్టరు గారూ" అని ప్రమాణం చేస్తే, అతను అబద్ధం ఆడినట్టు కాదు, అయినా ఆపరేషన్ మాత్రం వాయిదా పడుతుంది. ఖైనీ, జర్దా కిళ్లీలకూ ఇదే వర్తిస్తుంది. బరంపురంలో భోజనం తరువాత వేసుకునే పాన్‌లో జర్దా వద్దని ముందే చెప్పండి.

గుడాకు మానిన మొదటి రెండు వారాలు మలబద్ధకం నిజంగానే ఉంటుంది. పొద్దున్నే రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్లు, రాత్రి పడుకునే ముందు గ్లాసు నిండా నీళ్లలో ఇసబ్‌గోల్, భోజనంలో ఆకుకూర, సాయంత్రం అరగంట నడక ఉంటే పేగులు తమ పని తాము చేసుకోవడం మళ్లీ నేర్చుకుంటాయి. పళ్లకు మామూలు పేస్టు, బ్రష్షు వాడండి. గుడాకు డబ్బా స్నానాల గదిలో ఉండకూడదు. చేయి అలవాటుగా దాని మీదికే పోతుంది.

పరీక్ష విషయానికి వస్తే, నికోటిన్ రక్తంలో రెండు గంటలకు సగమవుతుంది గానీ, కాలేయం దాన్ని మార్చి తయారుచేసే కోటినిన్ అనే పదార్థం సగం కావడానికే 16 నుంచి 20 గంటలు పడుతుంది. ఆసుపత్రులు వెతికేది ఈ కోటినిన్‌నే. చివరి వారం పూర్తిగా మానితే చాలామందిలో అది పరీక్షకు అందనంత తగ్గిపోవచ్చు కాబట్టి, మీ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలంటే, పరీక్షను తప్పించుకోవడం అసాధ్యం కాదు. అయితే మీరు తప్పించుకునేది కాగితాన్నే, అతుకును కాదు. మానిన ఒకటి రెండు రోజుల్లో కార్బన్ మోనాక్సైడ్ పోతుంది, నిజమే. కానీ ఊపిరితిత్తుల్లో కఫాన్ని పైకి నెట్టే సన్నని నూగు తిరిగి పనిలో పడడానికీ, గాయం మానే శక్తి కోలుకోవడానికీ వారాలు పడుతుంది. అందుకే అమెరికాలోని బేరియాట్రిక్ (బరువు తగ్గించే ఆపరేషన్ల) వైద్య సంఘాలు 2019లో సవరించిన మార్గదర్శకాల్లో ఆరు వారాలు కనీసమనీ, వీలైతే ఏడాది ముందే మానడం మేలనీ రాశాయి. ఆపరేషన్‌కు కొద్ది రోజుల ముందు మానితే కఫం పెరిగి ప్రమాదమని ఒక పాత మాట ఇంకా వినిపిస్తుంటుంది. తరువాతి పరిశీలనల్లో అది నిలవలేదు. ఆలస్యమైనా మానడమే మంచిది, ముందుగా మానితే ఇంకా మంచిది.

మానడానికి మందుల సాయం తీసుకోవడం చిన్నతనం కాదు. రోజుకు పదికి మించి కాల్చేవారికి మామూలుగా చర్మానికి అంటించే 21 మిల్లీగ్రాముల నికోటిన్ ప్యాచ్‌తో మొదలుపెట్టి, తరువాత 14కు, 7కు దించుతారు. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్టు వెలిగించేవారికి నికోటిన్ చూయింగ్ గమ్ 4 మిల్లీగ్రాములది, మిగతావారికి 2 మిల్లీగ్రాములది ఇస్తారు. గమ్‌ను బబుల్‌గమ్‌లా నమిలేస్తే కడుపులో వికారం తప్ప ఫలితం ఉండదు. నాలుగైదుసార్లు నమిలి, నాలుక చురుక్కుమనగానే బుగ్గలో ఒక పక్కన పెట్టి ఉంచాలి, చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. టీ, కాఫీ తాగిన పావుగంట లోపల వేసుకోకూడదు. అయితే మీ విషయంలో ఒక చిక్కు ఉంది. ప్యాచ్ వాడినా, గమ్ వాడినా మూత్రంలో కోటినిన్ కనిపిస్తుంది. కొందరు సర్జన్లు పొగ కన్నా ఇవి ఎంతో నయమని ఒప్పుకుంటారు, కొందరు నికోటిన్ ఏ రూపంలోనూ వద్దంటారు. కాబట్టి మొదలుపెట్టే ముందే మీ సర్జన్ గారికి ఫోన్ చేసి అడగండి. వద్దంటే, నికోటిన్ లేని వారెనిక్లిన్, బుప్రోపియాన్ మాత్రలు ఉన్నాయి. వీటిని మానే రోజుకు ఓ వారం ముందే మొదలుపెట్టాలి. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉన్నవారికి బుప్రోపియాన్ పనికిరాదు, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి వారెనిక్లిన్ మోతాదు తగ్గించాలి. మీకు ఆరేళ్ల షుగరు ఉంది కనుక కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష రిపోర్టు చేతపట్టుకొని డాక్టరును కలవండి.

సిగరెట్టు పొట్లం మీద అచ్చువేసిన 1800-11-2356 అనే నంబరును ఎన్నిసార్లు చూసి ఉంటారో గానీ, ఎవరూ దానికి ఫోన్ చేయరు. అది ఉచిత సలహా కేంద్రం. సిగరెట్టు కావాలన్న తపన మొదటి వారంలో తీవ్రంగా ఉండి, నాలుగు వారాలకు బాగా నెమ్మదిస్తుంది. ఒక్కో తపన మహా అయితే పది నిమిషాలు ఉంటుంది, ఆ పది నిమిషాలు గడపడమే పని. మీకు అది ఎక్కడ పుడుతుందో నేను ఊహించగలను. బరంపురంలో బస్సు దిగగానే బడ్డీ దగ్గర ఒక చేతిలో టీ గ్లాసు, రెండో చేతిలో సిగరెట్టు. ఆ ఆరు వారాలు ఆ బడ్డీ దగ్గర ఆగకండి, టీని దుకాణానికే తెప్పించుకోండి. టీని కూడా సగానికి తగ్గించండి. పొగ ఆగితే కాలేయం కెఫీన్‌ను నెమ్మదిగా విరుస్తుంది కాబట్టి, అవే నాలుగు టీలు తాగినా గుండెదడ, నిద్రలేమి కలుగుతాయి. అది సిగరెట్టు మానడం వల్ల వచ్చిన బాధ అనుకొని మళ్లీ వెలిగించినవారిని చూశాను. ఆయాసానికి థియోఫిలిన్ మాత్రలు వాడుతుంటే వాటి మోతాదు కూడా ఇదే కారణంగా తగ్గించవలసి రావచ్చు.

బరువు పెరుగుతుందన్న భయంలో కొంత నిజం ఉంది. మానిన ఏడాదిలో సగటున నాలుగైదు కిలోలు పెరుగుతారు. ఆపరేషన్‌తో తగ్గబోయే బరువు ముందు అది లెక్కలోనిది కాదు. అయినా ఆపరేషన్ ముందు సర్జన్ గారు ఇచ్చే ఆహార నియమం మీకు ఎలాగూ ఉంటుంది. ఆ నియమంలో ఉన్నప్పుడు షుగరు మాత్రలు మునుపటిలాగే వేసుకుంటే చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు, డాక్టరును అడిగి మోతాదు సర్దుకోండి.

ఆపరేషన్ తరువాత ఎప్పుడైనా ఒకటి కాల్చవచ్చా అంటే, కాల్చకూడదనే చెబుతాను. అతుకు జీవితాంతం అక్కడే ఉంటుంది, పుండు ఏడాదికైనా రావచ్చు, ఐదేళ్లకైనా రావచ్చు. పొగాకుతో పాటు డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలూ ఆ పుండుకు కారణాలే. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి కొనుక్కొనే అలవాటు ఉంటే బైపాస్ తరువాత దాన్నీ వదులుకోవాలి. ఈ ఆరు వారాల్లో ఎక్కడో ఒక పెళ్లిలో, ఒక చావు ఇంట్లో చేయి జారి ఒకటి కాల్చేస్తే లవంగం నమిలి దాచకండి. సర్జన్ గారికి ఉన్నదున్నట్టు చెప్పండి, తేదీ నెల రోజులు వెనక్కి పోతే పోనివ్వండి.

మీ అమ్మగారి అడ్డపొగ వల్ల గదిలో పొగ నిండినా, పక్కవారి పొగతో మూత్రంలో చేరే కోటినిన్ మామూలుగా పొగతాగేవారి స్థాయికి రాదు, కాబట్టి పరీక్షలో దొరికితే ఆ పొగను సాకుగా చెప్పలేరు. కానీ ఆ వాసన మీకు తపన పుట్టిస్తుంది కాబట్టి, ఆవిడ పెరట్లో కూర్చొని తాగేలా చూడండి. నా దిగులు మీకన్నా ఆవిడ గురించి. చుట్ట నిప్పు ఉన్న వైపును నోట్లో పెట్టుకొని కాల్చడం వల్ల వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. మన తీర గ్రామాల ఆడవారిలో అంగిలి మీద తెల్లని మచ్చలు, ఎర్రని పొక్కులు, ఆ తరువాత క్యాన్సరు రావడాన్ని వైద్యులు దశాబ్దాలుగా చూస్తున్నారు. మొదట్లో నొప్పి ఉండదు కాబట్టి ఆవిడ మీకు చెప్పి ఉండరు. ఈసారి విశాఖపట్నం వెళ్లేటప్పుడు ఆవిడనూ వెంట తీసుకువెళ్లి, కట్టుడు పళ్లు ఉంటే తీయించి, అంగిలిని పళ్ల డాక్టరుకు చూపించండి.