తుపాను వేళ జిల్లా నుంచి రాష్ట్రానికి సాయం అభ్యర్థన ఎలా వెళ్తుంది?

విశాఖ తీర మండలంలో పడవలు, జనరేటర్లు చాలకపోతే ఎవరిని అడగాలన్నది ప్రశ్న. ముందు తహసీల్దారు ద్వారా కలెక్టరును. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షత కలెక్టరుదే. అవసరమైతే ప్రైవేటు వాహనాలనూ ఆ సంస్థ తాత్కాలికంగా స్వాధీనం చేసుకోవచ్చు. జిల్లాలో దొరకనిదాన్ని రాష్ట్రం సమకూరుస్తుంది, కేంద్ర బలగాలు కావాలంటే కేంద్రాన్ని కోరుతుంది. తూర్పు నౌకాదళం ఊళ్లోనే ఉండడం విశాఖకు పెద్ద ఊరట.

అభ్యర్థనలో ‘సాయం పంపండి’ అంటే చాలదు. ఏ వస్తువు, ఎన్ని, ఏ ఊరికి, ఎప్పటిలోగా, అక్కడ అందుకునేదెవరు? ఇవన్నీ రాయాలి. చెట్లు కోసే రంపాలు వచ్చి, నడిపే మనుషులు లేకపోతే దారి తెరుచుకోదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకినప్పుడు విశాఖలో కరెంటుతో పాటు ఫోన్లూ మూగబోయాయి. అందుకే ఈ జాబితా గాలి మొదలవకముందే పంపాలని గట్టిగా చెబుతాను.