క్రౌడెడ్ హౌస్ విడిపోయిన ఇన్నేళ్లకూ అభిమానులు ఎందుకు నిలిచి ఉన్నారు?

క్రౌడెడ్ హౌస్ అనే రాక్ సంగీత బృందం తొలి విడత ప్రస్థానం పదకొండేళ్లలో ముగిసిపోయింది కదా, 1996లో విడిపోయిన ఆ బృందం పాటలను జనం ఇప్పటికీ ఇంత ప్రేమగా ఎందుకు వింటున్నారని మీరు అడిగారు. చాలాకాలంగా ఆ పాటలు వింటూ, గిటార్ మీద వాయించుకుంటూ వచ్చిన శ్రోతగా నాకు తోచిన ప్రధాన కారణం ఏమిటంటే, అవి వినడానికి ఎంత బాగుంటాయో పదిమంది గొంతు కలిపి పాడుకోవడానికి అంతకంటే బాగుంటాయి.

న్యూజిలాండ్‌కు చెందిన స్ప్లిట్ ఎంజ్ బృందం 1984లో ముగిసిన తరువాత, అందులో పాటలు రాసి పాడిన నీల్ ఫిన్, డ్రమ్మర్ పాల్ హెస్టర్ కలిసి, బేస్ గిటారిస్టు నిక్ సీమోర్‌ను చేర్చుకుని, 1985లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో కొత్త బృందాన్ని ప్రారంభించారు. తొలి ఆల్బమ్ కోసం లాస్ ఏంజెలెస్ వెళ్లినప్పుడు వారంతా సర్దుకుని ఉన్న ఇరుకైన ఇంటి వల్లనే దానికి క్రౌడెడ్ హౌస్ (కిక్కిరిసిన ఇల్లు) అనే పేరు వచ్చింది. 1986లో వెలువడిన ఆ ఆల్బమ్‌కు మొదట్లో పెద్దగా ప్రచారం దక్కకపోయినా, అందులోని ‘డోంట్ డ్రీమ్ ఇట్స్ ఓవర్’ మరుసటి సంవత్సరం అమెరికాలో పాటల ఆదరణను సూచించే బిల్‌బోర్డ్ పట్టికలో 2వ స్థానానికి చేరింది.

ఆ పాట గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నకు సగం సమాధానం అందులోనే ఉంది. చరణం ఇ ఫ్లాట్ మేజర్ అనే కార్డుతో (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపుతో) మొదలై, సి మైనర్, ఎ ఫ్లాట్ మేజర్ కార్డుల మీదుగా సాగి, చెవి జి మైనర్‌ను ఆశించే చోట జి మేజర్ మీద ఆగుతుంది. పాట నడిచే స్కేలుకు, అంటే స్వరాల వరుసకు, చెందని ఒక్క స్వరం అక్కడ చేరడం వల్ల, హాయిగా నడుస్తున్న బాణీలో చెప్పలేని దిగులు ఒకటి తొంగి చూస్తుంది. పల్లవికి వచ్చేసరికి కార్డులు మళ్లీ తేటపడతాయి, బాణీ ఎవరి గొంతుకైనా అందేటంత సులువుగా మారుతుంది. స్నేహితుల మధ్య ఈ పాట వాయించినప్పుడల్లా, దాన్ని అంతకుముందు ఎన్నడూ వినని వారు కూడా రెండోసారి పల్లవి వచ్చేటప్పటికి మాతో కలిసి పాడటం నేను గమనించాను. దిగులును దాచకుండానే అందరినీ పాటలోకి పిలవగలగడమే నీల్ ఫిన్ రచనలోని గొప్పతనమని నా నమ్మకం.

1988లో వచ్చిన రెండో ఆల్బమ్ అమెరికాలో అంతగా ఆదరణ పొందలేదు. 1991 నాటి ‘వుడ్‌ఫేస్’లో నీల్ అన్న టిమ్ ఫిన్ కూడా చేరడంతో అన్నదమ్ముల జంట గాత్రాలు బృందానికి కొత్త అందం తెచ్చాయి, కానీ ఆయన ఆ సంవత్సరమే వైదొలిగారు. న్యూజిలాండ్ పశ్చిమ తీరంలోని కరేకరేలో రికార్డు చేసి 1993లో విడుదల చేసిన ‘టుగెదర్ అలోన్’ను నేను వారి అత్యుత్తమ కృషిగా భావిస్తాను. న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల గాయకబృందం పాల్గొన్న దాని శీర్షిక గీతం ఒక్కటి విన్నా నా అభిప్రాయం మీకు అర్థమవుతుంది.

విడిపోవడానికి బీజం 1994లో పడింది. వేదిక మీద తన హాస్యంతో ప్రేక్షకులను బృందానికి దగ్గర చేసిన హెస్టర్, వరుస పర్యటనలతో అలసిపోయి, అమెరికా పర్యటన మధ్యలోనే తప్పుకున్నారు. రెండేళ్ల తరువాత నీల్ ఫిన్ బృందాన్ని ముగిస్తున్నట్లు ప్రకటించారు. 1996 నవంబర్ 24న సిడ్నీ ఒపేరా హౌస్ మెట్ల మీద, పిల్లల ఆసుపత్రికి నిధులు సేకరించడం కోసం జరిగిన వీడ్కోలు కచేరీకి లక్షమందికి పైగా వచ్చారు. హెస్టర్ కూడా తిరిగి వచ్చి డ్రమ్స్ వాయించారు, చివరి పాటలో ఆయన కన్నీళ్లు ఆపుకోలేకపోయారు. కోర్టు గొడవలతో, పరస్పర నిందలతో ముగిసిన బృందాల అభిమానులు ఏదో ఒక పక్షం వహించవలసి వస్తుంది. ఇక్కడ అలాంటి అవసరం ఎవరికీ కలగలేదు, అభిమానం చెక్కుచెదరకపోవడానికి ఇది రెండో కారణమని నేను అనుకుంటాను.

2005లో హెస్టర్ మరణించారు. ఆ దుఃఖమే నీల్‌ను, నిక్‌ను మళ్లీ దగ్గర చేయగా 2007లో బృందం ‘టైమ్ ఆన్ అర్త్’ ఆల్బమ్‌తో తిరిగి వచ్చింది. 2017లో మాంచెస్టర్ బాంబు దాడి బాధితుల కోసం జరిగిన కచేరీలో అరియానా గ్రాండే, మైలీ సైరస్ కలిసి ‘డోంట్ డ్రీమ్ ఇట్స్ ఓవర్’ పాడినప్పుడు, ఆ పాట పుట్టిన నాటికి ఇంకా పుట్టని తరం దాన్ని సొంతం చేసుకుంది. నీల్ కుమారులు లియమ్, ఎల్‌రాయ్ ఇప్పుడు బృంద సభ్యులు, 2024లో ‘గ్రావిటీ స్టెయిర్స్’ కూడా వెలువడింది.

మీరు కొత్తగా వినడం మొదలుపెడుతుంటే వీడ్కోలు కచేరీ వీడియోను ముందుగా చూడవద్దని నా సలహా. మొదట ‘వుడ్‌ఫేస్’, ఆ తరువాత ‘టుగెదర్ అలోన్’ విని, పాటలు నోటికి వచ్చాక ఆ కచేరీ చూడండి. అప్పుడైతే మెట్ల ముందు నిలబడిన ఆ జనంతో కలిసి మీరూ పాడగలుగుతారు.