జాన్ కార్మాక్ ప్రోగ్రామర్ నుంచి కంపెనీ వ్యవస్థాపకుడిగా ఎలా ఎదిగాడు?

1990లో కార్మాక్ అమెరికాలోని లూసియానాలో సాఫ్ట్‌డిస్క్ అనే కంపెనీలో ఉద్యోగి. కాలేజీ చదువు మధ్యలోనే మానేశాడు. అప్పటి పీసీల్లో మారియో గేమ్‌లోలా తెర సాఫీగా పక్కకు జరగడం గగనమే. కదిలిన ప్రతిసారీ తెరంతా మళ్ళీ గీయాలంటే వాటి వేగం చాలదు. తెరను చిన్న గళ్ళుగా విడదీసి, తెర జరిగినా ఒక గడిలో అదే నీలి ఆకాశం ఉంటే దాన్ని ముట్టుకోకుండా, మారిన గళ్ళనే గీసేలా ఆయన కోడ్ రాశాడు. ఆ కిటుకుతోనే ‘కమాండర్ కీన్’ అనే గేమ్ వచ్చింది.

అది బాగా అమ్ముడుపోవడంతో 1991లో జాన్ రొమెరో, టామ్ హాల్, ఏడ్రియన్ కార్మాక్‌లతో కలిసి ఐడీ సాఫ్ట్‌వేర్ అనే గేమ్ కంపెనీ పెట్టాడు (ఏడ్రియన్‌తో ఇంటిపేరు కలిసిందంతే, చుట్టరికం లేదు). వాళ్ళ ‘డూమ్’ గేమ్ 1993లో వచ్చింది. మొదటి భాగం ఫ్రీ, నచ్చితే మిగతావి కొనుక్కోవాలి. 1996లో ‘క్వేక్’.

నా దృష్టిలో ఆయన వ్యాపారి కాదు, కంపెనీ ఉన్నా కోడ్ వదలని మనిషి. పాత గేమ్‌ల సోర్స్ కోడ్‌ను అందరికీ ఇచ్చేశాడు కూడా! 2009లో ఐడీని జెనిమ్యాక్స్ అనే కంపెనీ కొన్నది. 2013లో వీఆర్ హెడ్‌సెట్‌లు చేసే ఆక్యులస్‌లో చేరాడు; తర్వాత దాన్ని ఫేస్‌బుక్ (ఇప్పటి మెటా) కొన్నది, 2022లో ఆయన మెటాను వదిలాడు. ఇప్పుడు సొంత ఏఐ కంపెనీ పెట్టుకుని, దాని పనిలో ఉన్నాడు.