మూడు పేజీల దూరంలో రెండు వాక్యాలు

టి. నగర్, చెన్నై

చిరంజీవి అమ్మాయికి,

నీ ఉత్తరం, మీ బామ్మ మీద నువ్వు రాసింది రెండూ చదివాను. బామ్మ మంచం తీసేసిన చోట ఇంకా ఎవరూ కూర్చోవడం లేదన్నావు. అక్కడ చాలాసేపు ఆగిపోయాను. ఆ వాక్యం ముట్టుకోకు.

మిగతాది మాత్రం మళ్ళీ రాయాలి. ప్రేమమూర్తి, త్యాగశీలి, నిండు జీవితం... ఇవి ఏ సంతాప సభలోనైనా వినపడే మాటలే. మా అమ్మ పోయినప్పుడు నేనూ ఆవిడను సహనమూర్తి అని రాశాను. మా పిన్ని చదివి, "ఇది మా అక్క కాదే" అంది. 1957 ఏప్రిల్‌లో కొత్త పైసలు వచ్చాయి. రూపాయికి పదహారణాల లెక్క పోయి నూరు పైసలయ్యాయి. అంటే అణాకు ఆరుంబావు పైసలు. ఆ పావు ఎవరిది? వాకిట్లో చెంబు పట్టుకుని పాలవాడితో నెల్లాళ్ళు పోట్లాడిందట అమ్మ. చాలీచాలని జీతంతో ఐదుగురికి అన్నం పెట్టిన మనిషి ఆ పోట్లాటలో ఉంది. మర్యాద అనుకుని నేను దాన్నే వదిలేశాను. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మీ బామ్మ చివరిదాకా బస్సును ట్రామనే అనేదని రాసి, పాపం అమాయకురాలు అని దాటేశావు. మద్రాసులో ట్రాములు ఆగిపోయింది 1953లో. అప్పటికి ఆవిడకు ఇరవై మూడేళ్ళు. ఆ వయసు కోడలు మైలాపూరులో ట్రామెక్కి ఎక్కడికి వెళ్ళేది? తోడెవరు? చేతికి డబ్బు ఎవరిచ్చేవాళ్ళు? అదే ఏడు అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు మనకు రాలేదు. కొత్త రాజధాని కర్నూలుకు ఎన్నో కుటుంబాలు తరలిపోయాయి. మీ తాతగారు ఉండిపోయారు. అందులో బామ్మ మాట ఏమైనా ఉందా?

ఇక అసలు సంగతి. "చదువు మీద ఆసక్తి లేక ఆరో తరగతితో మానేసింది" అని రెండో పేజీలో రాశావు. ఎవరు చెప్పారు నీకు? ఐదో పేజీలో, యుద్ధకాలంలో వాళ్ళంతా నెల్లూరు దగ్గర పల్లెకు వెళ్ళారనీ, అన్నదమ్ములు తిరిగొచ్చి మద్రాసులోనే చదువుకున్నారనీ, బామ్మ మాత్రం పెళ్ళయ్యాకే వచ్చిందనీ నువ్వే రాశావు. 1942 ఏప్రిల్‌లో జపాన్ వాళ్ళు బాంబులేస్తారన్న భయంతో మద్రాసు జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్ళకు పోయారు. అప్పుడు మీ బామ్మకు పన్నెండేళ్ళు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చదువు.

నాకైతే గుండె పట్టేసినట్టయింది. నీకు ఆవిడ పుట్టుకతోనే బామ్మ. ఆ పన్నెండేళ్ళ పిల్లను నువ్వు చూడలేదు. అలాగని ఊహించి రాయకు. ఇంకా చెప్పగలిగినవాళ్ళు ఉన్నారు.

ఇంకో చిన్న మాట. ఆవిడ "సీక్రం తిను" అంటే నువ్వు "త్వరగా తిను" అని దిద్దావు. దిద్దకు. ఇన్నేళ్ళు అరవం మధ్య బతికిన నెల్లూరు తెలుగు అది. ఆవిడ గొంతు అక్కడే ఉంది.

పెరంబూరులో ఆవిడ చెల్లెలు ఉన్నారన్నావు, తొంభై ఒక్క ఏళ్ళు. వచ్చే ఆదివారమే వెళ్ళు. ఆవిడకు చెప్పే ఫోన్‌లో రికార్డింగ్ పెట్టు. పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మాట్లాడు. అక్క ఎలాంటిది అని అడక్కు, మంచిదే అంటారు. సంవత్సరాలు కూడా అడక్కు. "బాంబుల భయానికి రైలెక్కినప్పుడు ఏమేం సామాను తీసుకెళ్ళారు చిన్నబామ్మా?" అని మొదలుపెట్టు. కాసేపయ్యాక, అందులో బామ్మ పుస్తకాలు ఉన్నాయా అని అడుగు.

ఇంటికి రాగానే నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా సరే, మేలుకునే ఉంటాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ