తూము ఎత్తాలా, నిలపాలా: అల్లుడికి ఒక జాబు

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

చెరువు నిండి మొరవ పారిందని, తూమెత్తి వరి నాటుకుంటామని చెరువు కింద ఆయకట్టోళ్లు, నీళ్లు నిలిపితేనే బోర్లు బతుకుతాయని మెట్టోళ్లు పట్టుబట్టారని రాస్తివి. మధ్యలో నిన్ను కూర్చోమన్నారు కాబట్టి ఈ జాబు.

ముందే రచ్చబండ దగ్గర పంచాయితీ పెట్టొద్దు. పదిమంది ముందర మాట అనేసినోడు వెనక్కి రాలేడు. రెండు పక్కలోళ్లనీ విడిగా, వాళ్ల ఇళ్ల దగ్గరే కలువు. తెరవాలా వద్దా అని కాదు, "తెరిస్తే నీకేం పోతుంది, తెరవకపోతే ఏం పోతుంది?" అని అడుగు. ఒకరికి ఇంటి తిండిగింజలు, ఆవులకు గడ్డి. ఇంకొకరికి ఎండాకాలంలో టమాటా, మామిడి పిందె. అసలు భయాలు అవి. విన్నది నీ నోటితో తిరిగి చెప్పు. "ఔను, నేనన్నది అదే" అనేదాకా ఇంకో మాట ఎత్తొద్దు. చివరి కయ్యలోళ్లను, చేపల పాట పాడుకున్నోళ్లను వదిలేస్తే, మమ్మల్ని అడగలేదే అన్న కోపంతోనే వాళ్లు రేపు అడ్డం తిరుగుతారు.

తర్వాత ఇరువైపులా నలుగురేసి మనుషుల్ని తీసుకుని కట్ట మీదికి పో. తూము దగ్గర లోతు గుర్తులు వేసిన గెడతో కొలవండి. నాలుగైదు బోర్ల దగ్గర 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండుతుందో రాయండి. కొలిచేది ఇరువైపులోళ్లూ కలిసే కొలవాల. ఒకరు తెచ్చిన లెక్కను ఇంకొకరు నమ్మరు.

సగం సగం అని మాత్రం తేల్చొద్దు. వినడానికి న్యాయంగానే ఉంటుంది కానీ, సగం నీళ్లతో మొత్తం ఆయకట్టుకూ వరి నాటితే పొట్ట దశలో ఎండుతుంది, బోర్లకూ ఊట మిగలదు. ఇద్దరూ నష్టపోతారు. నీళ్లు కాదు, పైరు మార్చే మాట ఎత్తు. వరికి 1200 మిల్లీమీటర్ల దాకా నీళ్లు కావాలంటే చెనిక్కాయకు 500, 600తో గడుస్తుంది. తిండికి సరిపడా కొంచెం వరి, మిగతాది చెనిక్కాయో రాగో. తూము రాతి మీద ఒక గీత గీసి, నీళ్లు అక్కడికి దిగినాక మూసేయాలని అనుకోండి. నీళ్లు నిలిస్తే లాభం బోరోళ్లకు కాబట్టి, చివరి కయ్యలకు ఒకటి రెండు తడులు వాళ్లిస్తామనాల. ఈ మాట వాళ్ల నోటి నుంచే రానీ, నువ్వు చెప్పొద్దు.

ఊరి తాగునీటి బోరు బేరంలోకి రాదని మొదటే చెప్పేయ్. 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం దానికి 250 మీటర్ల లోపల సేద్యానికి బోరు వేయకూడదు. చేతులెత్తించి ఓట్లు లెక్కపెట్టొద్దు. ఓడినోళ్లు రాత్రికి రాత్రి షట్టరు ఎత్తేస్తారు. పాత ఆక్రమణల గొడవ ఎవరు తీసినా, దానికి వేరే రోజు కూర్చుందామని ఆపు.

ఒప్పుకున్నది రెండు కాగితాల మీద రాయించు: ఏ రోజు ఎన్ని గంటలు, తాళంచెవి ఎవరి దగ్గర, ఏ గీత దాకా. గడువు ఉగాది వరకే పెట్టు. శాశ్వతం అంటే ఎవరూ సంతకం చేయరు, ఒక్క పంటకంటే చేస్తారు. ఇప్పటికే కోర్టుకెక్కిన వాళ్లుంటే ఇదే రాజీని లోక్ అదాలత్‌లో పెట్టించమను. అక్కడిచ్చే అవార్డు, అంటే తీర్పు, కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజూ వాపసొస్తుంది.

నాట్లకు ముందే ఇదంతా తేలాల. నారు పోసినాక ఎవరూ పైరు మార్చరు.

ఇట్లు,
మీ మామ