రోజూ దీపం పెడుతున్నా భయం పోవడం లేదు, నా భక్తిలోనే లోపమా?

ఉద్యోగం ఉంటుందో పోతుందో అని బెంగ, అమ్మగారి టెస్టు రిపోర్టు తెచ్చుకోవాలంటే భయం, బ్యాంకు నుంచి ఫోన్ వస్తే గుండె దడ. రోజూ దీపం పెట్టి స్తోత్రం చదువుతున్నా ఇవేవీ తగ్గడం లేదు, నా భక్తిలో లోపం ఉందా అని అడిగారు. లేదండీ. భయం వేసినంత మాత్రాన భక్తి తక్కువైనట్టు కాదు. మీరు భయాన్ని తీసేయమని దేవుణ్ణి అడుగుతున్నారు. నేను భయం ఉండగానే పని చేసే బలం ఇమ్మని అడుగుతాను. నాకు జవాబు దొరికింది ఆ ప్రార్థనకే.

మాది వైజాగ్‌లో గోపాలపట్నం. ఇంట్లో ఏం జరిగినా ముందు నోటికొచ్చే మాట ‘అప్పన్నా’, అంటే మా సింహాచలం కొండ మీది నరసింహస్వామి. అలా పిలిచి ధైర్యంగా ఎలా నిలబడాలో మా అత్తగారిని చూసి నేర్చుకున్నాను. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుఫాను వైజాగ్‌ని తాకిన ఆదివారం. ఆవిడ పూజగదిలో కూర్చోలేదు. ముందు రోజే డ్రమ్ములూ బిందెలూ నింపించారు. సందులో రేకుల ఇళ్లలో ఉన్నవాళ్లను పిల్లలతో సహా మా ఇంటికి పిలిపించారు. గాలి హోరుకి కిటికీ అద్దాలు పగులుతుంటే నేను ఒక మూల వణికిపోతున్నాను. “భయపడితే గాలాగిపోద్దేటే? ఆ పిల్లలకి అన్నం కలుపు” అన్నారు. నోట్లో అప్పన్న పేరు ఆగలేదు, చేతుల్లో పనీ ఆగలేదు. ఆ తర్వాత కరెంటు లేని రోజుల్లో ఆ నీళ్లే మా సందుకి ఆదుకున్నాయి. తనకీ లోపల చాలా భయమేసిందని చాన్నాళ్లకి చెప్పారు.

కొన్నేళ్ల క్రితం మా ఆయనకి కాంట్రాక్టు పని ఆగిపోయింది. ఇంటి లోను వాయిదాలు తప్పాయి. ఫోన్ మోగితే చాలు, ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లం. వసూలు వాళ్లు వేళాపాళా లేకుండా చేసేవారు. అప్పుడు అత్తగారు గుర్తొచ్చారు. ఒకరోజు పొద్దున్నే సింహాచలం వెళ్లి, గుడిలో భక్తులు కౌగిలించుకుని మొక్కే కప్పస్తంభం దగ్గర దణ్ణం పెట్టుకుని, కొండ దిగి నేరుగా లోను ఆఫీసుకి వెళ్లాను. కాళ్లు వణుకుతూనే ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పి, వాయిదా తగ్గించి గడువు పెంచమని కాగితం రాసిచ్చాను. కొంత బతిమాలాల్సి వచ్చింది కానీ ఒప్పుకున్నారు. వసూలు వాళ్లు ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లో చెప్పిన సంగతి కూడా ఈ తిరుగుడులోనే తెలిసింది. మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

మా ఆయనకి పని వెంటనే దొరకలేదు. ఆ నెలల్లో దేవుడు వింటున్నాడా అనిపించేది. మన స్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు కదా, నిజరూపం కనిపించేది వైశాఖ శుద్ధ తదియ ఒక్కరోజే. మిగతా రోజుల్లో ఆ రూపం కనపడలేదని ఎవరం మొక్కడం మానం. అలాగే పట్టుకుని ఉన్నాను.

ప్రహ్లాదుణ్ణి తలుచుకోండి. ఏనుగులతో తొక్కించారు, పాములతో కరిపించారు, నిప్పుల్లో పడేశారు. ఒక్కటీ తప్పలేదు ఆ పిల్లవాడికి. స్తంభంలోంచి స్వామి వచ్చింది ఇవన్నీ అయ్యాకే. మనకి కష్టం రాగానే ‘నా పూజ ఫలించలేదు’ అనుకోవడం ఎందుకో నాకు అర్థం కాదు. నూటొక్క కొబ్బరికాయలు కొడితే గండాలే రావని చెప్పేవాళ్ల మాట మాత్రం వినకండి. అది బేరం, భక్తి కాదు.

ఇక మీ సంగతి. రేపు దీపం పెట్టాక ‘అందరినీ చల్లగా చూడు’ అని ఊరుకోకండి. భయాన్ని పేరు పెట్టి చెప్పండి: “స్వామీ, అమ్మ రిపోర్టు తేవాలి, చేతకావడం లేదు, తోడు రా.” చెప్పి, టిఫిన్ అయ్యాక వేరే పని పెట్టుకోకుండా ల్యాబుకే వెళ్లండి. ఒక్కరే వెళ్లలేకపోతే తమ్ముణ్ణో, పక్కింటి వాళ్లనో తీసుకెళ్లండి. అలా వచ్చే మనిషిని కూడా ఆయనే పంపాడని నేను నమ్ముతాను. అందులో ఏముందో తెలిస్తేనే కదా అమ్మగారికి వైద్యం మొదలయ్యేది.

ఇంకొక్కటి. రాత్రుళ్లు నిద్ర పట్టకపోయినా, ఊరికే గుండె దడ, చెమటలు పడుతున్నా డాక్టరుకి చూపించుకోండి. దైవం మీద నమ్మకం లేక వెళ్తున్నట్టు అనుకోవద్దు. వైజాగ్ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అంత దూరం వెళ్లే ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి, డబ్బులేం పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు. రిపోర్టు వచ్చాక ఇక్కడ ఒక్క మాట రాయండి. ఈ శనివారం కొండకి వెళ్తున్నాను, అమ్మగారి పేరున అర్చన చేయిస్తాను.